కెరిస్ తుప్పుకు కొబ్బరి నీళ్లు

ప్రశ్న: మూడేళ్లుగా ఇండోనేషియాలోని జోగ్జకార్తాలో ఉంటున్నాం. మా ఇంటి యజమాని పెద్దాయన, కూతురి దగ్గరికి వెళ్లిపోతూ తన తాతగారి కెరిస్‌ను, అంటే జావా బాకును, మావారి చేతిలో పెట్టారు. అలుగుకు 11 వంపులు. ఎర్రగా తుప్పు పట్టి ఉంది. ఎమరీ పేపర్‌తో రుద్దితే మెరుస్తుందా?

జవాబు: అమ్మా, ఎమరీ పేపర్ మాత్రం దాని మీద పెట్టకండి. జావాలోని సోలో నగరంలో ఉన్న రోజుల్లో నేను ఒక చిన్న కెరిస్‌ను గంటసేపు అలాగే రుద్దాను. తుప్పుతోపాటు పామోర్, అంటే అలుగు మీది గీతల నమూనా, కూడా చెదిరిపోయింది. ఇరవై ఏళ్లయింది, ఆ అలుగు చూస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఎంపూ, అంటే కెరిస్ చేసే కమ్మరి, ఇనుమునూ నికెల్ కలిసిన లోహాన్నీ పొరలుగా మడిచి కొడతాడు. అలుగును తీర్చేటప్పుడు తెగిన పొరల అంచులే పైన అలల్లా కనిపించే పామోర్. మీరు ఇంకాస్త అరగదీశారంటే ఆయన తేల్చిన గీత చెరిగిపోతుంది.

ముందు పిడిని మెల్లగా తిప్పుతూ ఊడదీయండి, రాకపోతే బలవంతం చేయొద్దు. అలుగును కొబ్బరి నీళ్లలో నానబెట్టి, నీళ్లు రోజూ మార్చండి. కొన్ని రోజుల్లో తుప్పు మెత్తబడుతుంది. తర్వాత నిమ్మరసం, పాత టూత్‌బ్రష్. అక్కడ లెరాక్ అమ్ముతారు, మన కుంకుడు జాతి కాయే, దాని నురుగుతో కడగండి. తుప్పు తిన్న గుంటలు అలాగే ఉండనివ్వండి, వాటి వెంటపడితే అలుగు పలచబడుతుంది.

కడగ్గానే తుడిచి ఆరబెట్టాలి. పులుపు తగిలిన ఇనుము చూస్తుండగానే మళ్లీ తుప్పెక్కుతుంది. అలుగు మొదట్లో గంజా అనే అడ్డముక్క విడిగా అమర్చి ఉంటుంది. తడి దాగేది ఆ సందులోనే.

ఇప్పుడు అలుగంతా వెండిలా తెల్లబడి, పామోర్ సరిగ్గా కనిపించదు. కంగారు పడకండి. దాన్ని తిరిగి తేల్చేది వరంగాన్, అంటే నిమ్మరసంలో కలిపిన పాషాణం. ఇనుము నల్లబడుతుంది, నికెల్ పొర తెల్లగా నిలుస్తుంది. అది ఆర్సెనిక్, విషం. వంటింట్లో వద్దే వద్దు. జోగ్జకార్తాలోనూ సోలోలోనూ ఈ పనే వృత్తిగా ఉన్నవాళ్లున్నారు, వాళ్లకే ఇవ్వండి. తిరిగొచ్చాక గంధపు నూనె పలచగా పూయండి. ఒరలోని తుప్పు పొడి దులిపి, బాగా ఆరాకే అలుగును లోపల పెట్టండి.

ఇదంతా మొదలుపెట్టే ముందు ఆ పెద్దాయనకు ఒకసారి ఫోన్ చేయండి. చాలా జావా కుటుంబాలు సురో నెలలోనే కెరిస్‌ను కడుగుతాయి, దాన్ని జమాసన్ అంటారు. వాళ్లింట్లో ఎలా చేసేవారో, పామోర్‌ను ఏ పేరుతో పిలిచేవారో అడిగి రాసిపెట్టుకోండి. పామోర్ పేర్లలో బెరస్ వుతాహ్ ఒకటి, అంటే ఒలికిన బియ్యం. వరంగాన్ తర్వాత అలుగు మీద గింజలు గింజలుగా కనిపిస్తే అదే.