కారం తినని మాంత్రికుడు

తమ్ముడూ,

నీ నవల మొత్తం చదివాను. ఫోన్లో కళ్ళు లాగుతుంటే ఏలూరు రోడ్డులో జెరాక్స్ షాపులో ప్రింటు తీయించి మరీ చదివాను, కాబట్టి పైపైన చూసి మాట్లాడుతున్నాననుకోకు. (ముందు ఆ 'మేడమ్' మానెయ్, అక్కా అంటే చాలు.) గుంటూరు అరండల్‌పేటలో అద్దె గదిలో ఉంటూ దెయ్యాల కేసులు చూసే కుర్ర మాంత్రికుడు అనే ఊహ బాగుంది. ఏడుగురు ఫ్రెండ్స్ చదివి ఏడు రకాలుగా చెప్పారని, ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదని రాశావు. డ్రెస్డెన్ ఫైల్స్ అనే ఇంగ్లీషు ఫాంటసీ నవలల సిరీస్ పేరు నువ్వే ఎత్తావు కాబట్టి దాని గురించి చదివినవాళ్ళు ఏమంటారో అదే చెప్తాను విను.

జిమ్ బుచర్ రాసిన ఆ సిరీస్‌లో మొదటి పుస్తకం స్టార్మ్ ఫ్రంట్ 2000లో వచ్చింది. చికాగోలో హ్యారీ డ్రెస్డెన్ అనేవాడు ఫోన్ డైరెక్టరీలో మాంత్రికుడినని పేరు వేయించుకుని డిటెక్టివ్ పని చేస్తుంటాడు. ఆ సిరీస్‌కి ప్రాణమిచ్చేవాళ్ళు కూడా కొత్తవాళ్ళకి ఏం చెప్తారో తెలుసా, మొదటి రెండూ ఎలాగోలా లాగించెయ్, మూడోదో నాలుగోదో వచ్చేసరికి ఊపందుకుంటుంది అంటారు. కొందరైతే ఏకంగా ఏడోదాంతో, అంటే 2005లో వచ్చిన డెడ్ బీట్‌తో మొదలుపెట్టమంటారు, అందులో మ్యూజియంలో ఉన్న డైనోసార్ అస్థిపంజరానికి ప్రాణం పోసి దాని మీదెక్కి వీధుల్లో తిరుగుతాడులే. ఇది చూసి నువ్వు ధైర్యం తెచ్చుకోకు. 'ముందు ముందు బాగుంటుంది' అని మన పాఠకుడికి చెప్పడానికి నువ్వు వాడి పక్కన కూర్చోవు కదా.

మరి మొదటిది పలచగా ఉందంటూనే జనం ఎందుకు వదల్లేదు? నాకు అర్థమైంది ఇదీ. హ్యారీ డ్రెస్డెన్ దగ్గరికొస్తే కంప్యూటర్లు చెడిపోతాయి, కొత్త యంత్రం ఏదీ పనిచేయదు, అందుకే పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ తోలుకుంటూ తిరుగుతాడు, గీజర్ ఉండదు కాబట్టి చికాగో చలిలో చన్నీళ్ళ స్నానం, పైగా అద్దెకి వెతుకులాట. వాడు విసిరే నిప్పుల కంటే ఆ చన్నీళ్ళ గురించే పాఠకులు ముచ్చటగా చెప్పుకుంటారు.

నీవాడేమో ఒక చేత్తో రీల్స్ చూస్తూ ఇంకో చేత్తో మంత్రం వేస్తాడు. వాడికి పోయేదేమీ లేదు. నలుగురు 'మధ్యలో బోరు కొట్టింది, ఫైట్లు పెంచు' అన్నారని రాశావు. బోరు కొట్టిన మాట నిజం, నాకూ కొట్టింది. ఫైట్లు మాత్రం పెంచకు. మంత్రం వేసిన ప్రతిసారీ వాడికేం ఖర్చవుతుందో చూసుకో. యంత్రాలు చెడిపోవడం పెట్టమనట్లేదు, అది వాళ్ళది. మన దగ్గర ఉపాసన అంటే ఎన్ని నియమాలు, మడి, మైల, ఎంగిలి, ఉప్పూ కారం మానడం! గుంటూరులో ఉండి కారం తినకూడని మాంత్రికుణ్ణి ఒక్కసారి ఊహించుకో. మెస్సులో ఏం తింటాడు? మేనత్త గోంగూర పచ్చడి పంపిస్తే ఏం చెప్తాడు? మిర్చి యార్డు పక్కనుంచి వెళ్ళి తుమ్మితే నియమం చెడినట్టా కాదా? నీ నవల ఇక్కడుంది, ఆఖరి నలభై పేజీల ఫైటులో లేదు.

ఇంకోటి. ఆ సిరీస్ చివరిదాకా చదివి, తర్వాతి దానికోసం ఎదురుచూసేవాళ్ళే సణిగే విషయం ఒకటుంది: ఏ ఆడమనిషి కథలోకొచ్చినా ముందు హ్యారీ చూపు ఒళ్ళంతా పాకుతుంది. కథ చెప్పేది హ్యారీ కాబట్టి ఆ బుద్ధి వాడిదే, రచయితది కాదని వెనకేసుకొచ్చేవాళ్ళూ ఉన్నారు, నేను సగమే ఒప్పుకుంటాను. నీ నవలలో ఆరుగురు ఆడవాళ్ళుంటే నలుగురికి పేరు కంటే ముందు నడుము వచ్చింది, లేడీ ఎస్సైతో సహా. నీ ఏడుగురిలో ఉన్న ఒకే ఒక అమ్మాయి ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్తే, 'తనకి ఫాంటసీ తెలీదులే అక్కా' అని రాశావు. పుస్తకం మొత్తం చదివి, రెండో భాగం ఎప్పుడని అడిగింది కూడా తనేనని నువ్వే రాశావు. మిగతా ఆరుగురినీ పక్కనపెట్టి ముందు ఆ పిల్ల మాట విను.

ఊరి సంగతి. చికాగోవాళ్ళు ఆ పుస్తకాల్లో దారులూ దూరాలూ తప్పని పట్టుకుంటూనే ఉంటారు, బుచర్ మిస్సోరీ అనే వేరే రాష్ట్రం మనిషి మరి. నీకా సాకు కూడా లేదు. విజయవాడలో గవర్నర్‌పేట నుంచి బెంజ్ సర్కిల్‌కి పోవడానికి మీవాణ్ణి ప్రకాశం బ్యారేజీ ఎక్కించావు, బ్యారేజీ ఎక్కితే కృష్ణ అవతల సీతానగరంలో తేలతాడు నాయనా!

అయిదు భాగాలన్నావు, సరే. కానీ మొదటి భాగాన్ని తలుపు తీస్తుండగా ఆపేశావు. డ్రెస్డెన్ సిరీస్‌లో 2014 తర్వాత ఆరేళ్ళు ఆగి, 2020లో ఒకే కథని రెండు పుస్తకాలుగా కోసి రెండు నెలల తేడాతో వేస్తేనే, మొదటిది సగంలో తెగిందని అభిమానులు గొడవపెట్టారు. నీకింకా అభిమానులు కూడా లేరు.

వచ్చే ఆదివారం లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల దగ్గర ఉంటాను, పదకొండింటికి. మొత్తం తీసుకురాకు. మూడో అధ్యాయం ఒక్కటే తిరగరాసి, ఆ అమ్మాయి చేత చదివించి, తను గీతలు పెట్టిన కాగితాలే పట్టుకురా.

అక్క
విజయవాడ