దవడ ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు నోరు చూపించుకోండి

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. మాది రాయగడ జిల్లా గుణుపురం. కింది దవడ ముందుకు ఉంటుంది, ముందు పళ్లు కలవవు. బరంపురంలో డాక్టరు గారు దవడ ఆపరేషన్ చేయించుకోమన్నారు. వేసవిలో పెళ్లిచూపులు ఉన్నాయి, ఈలోగా అయిపోతుందా? ముఖం మీద మచ్చ పడుతుందా? ఎన్నాళ్లు సెలవు పెట్టాలి? ఇంకో సంగతి, ఏడాదిగా కారం తింటే నోరు మండుతోంది. నోరు ఇదివరకటిలా తెరుచుకోవడం లేదు. రోజూ నాలుగైదు గుట్కా పొట్లాలు వేస్తాను. మందుల షాపులో ఇచ్చిన బీ-కాంప్లెక్స్, నొప్పి మాత్రలు వాడుతున్నాను.
- ఒక పాఠకుడు

సమాధానం: మీరు చివర్లో రాసిన సంగతే ముందు చూడాలి. గుట్కా అలవాటు, కారం తగిలితే మంట, నోరు బిగుసుకుపోవడం, ఈ మూడూ కలిస్తే మేం మొదట అనుమానించేది సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. బుగ్గల లోపలి పొర మెత్తదనం పోయి గట్టి పట్టీల్లా తయారవుతుంది. నోరు చూడకుండా ఇదేనని చెప్పలేను. కానీ ఇది క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్న జబ్బు, కాబట్టి వాయిదా వేయొద్దు.

మీ చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు మూడూ నిలువుగా పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య పడుతున్నాయా? పట్టకపోతే ఈ వారమే వెళ్లండి. మానని పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, మెడలో గడ్డ ఉంటే వారం కూడా ఆగొద్దు. రెండు మూడు వారాలైనా మానని పుండు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాల్సి రావచ్చు. ఆ పరీక్షకు భయపడకండి.

పొగాకు లేని పొట్లం పర్వాలేదని చాలామంది అనుకుంటారు. ఈ బిగుతుకు అసలు కారణం వక్క. పొగాకు కలవకపోయినా వక్క ఒక్కటే క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004 నివేదికలోనే చెప్పింది. గుట్కా బదులు పాన్ మసాలాకు మారితే మానేసినట్టు కాదు. ఇప్పుడు ఆపితే జబ్బు ముదరకుండా ఉండవచ్చు, బిగిసిన పొర మాత్రం పూర్తిగా మునుపటిలా రావడం కష్టం.

ఏడాదిగా మంటను మాత్రలతో నెట్టుకొచ్చారు, ఇది నాకు బాధ కలిగించింది. మందుల షాపతను మీ నోట్లోకి తొంగి చూశాడా? బీ-కాంప్లెక్స్ ఈ బిగుతును వదిలించదు. నొప్పి మాత్రలు అదేపనిగా వాడితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. మా దగ్గరికి చాలామంది నోట్లో ఒక వేలు కూడా పట్టని స్థితిలో వస్తారు. అప్పటిదాకా షాపు మాత్రలే వైద్యం.

దవడ ఆపరేషన్‌కూ దీనికీ సంబంధం ఉంది. కోతలు చాలావరకు నోటి లోపలే పెడతారు, అందుకే ముఖం మీద సాధారణంగా మచ్చ పడదు. కానీ నోరు తెరుచుకోకపోతే సర్జన్ చెయ్యి ఎక్కడ పెట్టాలి? మత్తు ఇచ్చేటప్పుడు ఊపిరి గొట్టం వేయడమూ కష్టమవుతుంది. పొగాకు వాడేవారికి గాయం ఆలస్యంగా మానుతుంది, ఇన్ఫెక్షన్ భయమూ ఎక్కువ.

వేసవిలోగా కాదు. ముందు పళ్లకు క్లిప్పులు వేసి సరిచేయడానికే ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ఆ సమయంలో పళ్ల కలయిక ఇంకా ఎడంగా కనిపించవచ్చు, కంగారు పడకండి. తర్వాత ఎముకను కోసి, సరైన చోట టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. ఆసుపత్రిలో కొద్ది రోజులే ఉంటారు. వాపు రెండు మూడు రోజులు పెరిగి, తర్వాత వారాల మీద తగ్గుతుంది. పని బరువును బట్టి రెండు నుంచి నాలుగు వారాల సెలవు అనుకోండి. మొదట్లో గంజి, చోడి అంబలి, పప్పుకట్టు. గట్టి తిండికి ఆరు వారాలైనా ఆగాలి. కింది పెదవి, గడ్డం తిమ్మిరెక్కడం చాలామందికి ఉంటుంది. నెలల్లో తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. సంతకం పెట్టే ముందు దీని గురించి సర్జన్‌ను తప్పక అడగండి.

బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో దంత విభాగానికి గానీ, కటక్‌లోని ప్రభుత్వ ఎస్సీబీ డెంటల్ కాలేజీకి గానీ వెళ్లండి. వాడిన మాత్రల అట్టలు పట్టుకెళ్లండి, గుట్కా ఎన్నేళ్లుగా వేస్తున్నారో దాచకుండా చెప్పండి.