అన్ని విండోల్లో ఒకేసారి కమాండ్ నడపాలంటే

ప్రశ్న: మాదాపూర్‌లో ఒక యాప్ టీంలో పని చేస్తున్నాను. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీష్ మాటలు ఉండే మూడు ఫైళ్లని విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో పక్కపక్కన తెరిచి పెట్టుకుంటాను. ఒక పేరు మారితే మూడింటిలోనూ మార్చాలి. తెరిచిన విండోలన్నిటిలో ఒకే కమాండ్ నడిపే విన్‌డూ వాడుతున్నాను గానీ కర్సర్ చివరి విండోలో తేలుతోంది, ఒక్కోసారి మధ్యలోనే ఆగిపోతోంది. స్క్రిప్ట్ రాసుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: రాసుకోవచ్చండీ, నాలుగైదు లైన్ల పనే.

మధ్యలో ఆగిపోకుండా ఉండటానికి మాత్రం స్క్రిప్ట్ అక్కర్లేదు. మీరు వెతికే పేరు ఒక ఫైల్లో లేకపోతే విమ్ దాన్ని ఎర్రర్‌గా తీసుకుని మిగతా విండోల జోలికి పోదు, అందుకని పేరు మార్చే సబ్‌స్టిట్యూట్ కమాండ్ చివర జీ పక్కన ఈ అనే ఇంగ్లీష్ అక్షరం కూడా చేర్చండి, చాలు.

అసలు చూసుకోవాల్సింది ఇంకోటి ఉంది. విండో వేరు, అందులో కనిపించే ఫైల్ వేరు. తెలుగు ఫైల్ పైభాగం ఒక విండోలో, కింది భాగం ఇంకో విండోలో తెరిచారనుకోండి, విన్‌డూ ఆ ఒక్క ఫైల్ మీదే రెండుసార్లు నడుస్తుంది. టైటిల్‌ని పేజీటైటిల్ చేయమంటే పేజీపేజీటైటిల్ అయి కూర్చుంటుంది! పోనీ బఫ్‌డూ వాడదామంటే అది పొద్దున్నుంచి తెరిచి కంటికి కనిపించకుండా ఉన్న ఫైళ్లన్నిటినీ ముట్టుకుంటుంది. లైన్ నంబర్లు, మూడు విండోలూ కలిసి స్క్రోల్ అయ్యే స్క్రోల్‌బైండ్ లాంటి కనిపించే తీరు సంగతులకి విన్‌డూ భేషుగ్గా ఉంటుంది. ఫైల్లో రాత మార్చేటప్పుడే మన సొంత స్క్రిప్ట్ కావాలి.

దాని వరస ఇదీ. ట్యాబ్‌పేజ్‌బఫ్‌లిస్ట్ ఫంక్షన్ ఇప్పుడున్న ట్యాబ్‌లో కనిపిస్తున్న బఫర్ల, అంటే విమ్ తెరిచి పెట్టుకున్న ఫైళ్ల, నంబర్లు ఇస్తుంది. వాటిని సార్ట్, ఆపైన యునీక్ చేస్తే రెండోసారి వచ్చినవి పోతాయి. మిగిలిన ఒక్కో నంబర్‌కీ బఫ్‌విన్‌ఐడీతో విండో ఐడీ తీసుకుని, విన్ అండర్‌స్కోర్ ఎగ్జిక్యూట్‌కి ఆ ఐడీనీ మీ కమాండ్‌నీ ఇవ్వాలి. ఇది పని చేసి మిమ్మల్ని ఉన్న విండోలోనే ఉంచుతుంది కాబట్టి కర్సర్ గొడవ కూడా దీంతోనే తీరిపోతుంది. 2019 డిసెంబర్‌లో వచ్చిన విమ్ 8.2 గానీ ఆ తర్వాతది గానీ ఉంటే ఈ ఫంక్షన్ మీ దగ్గర ఉన్నట్టే. ఇదంతా ఒక ఫంక్షన్‌గా విమ్ సెట్టింగ్స్ ఉండే విమ్‌ఆర్‌సీ ఫైల్లో పెట్టి, దానికో కమాండ్ పేరు ఇచ్చుకోండి, మనం పెట్టే కమాండ్ల పేర్లు క్యాపిటల్ అక్షరంతోనే మొదలవ్వాలని విమ్ నియమం.

పొరపాటున తప్పు మార్పు జరిగితే విన్‌డూ అన్‌డూ కొట్టేయకండి, దయచేసి. అన్‌డూ ఏ ఫైల్‌కి ఆ ఫైల్‌దే. మీ కమాండ్‌కి ఏమీ మారని ఫైల్లో అంతకుముందు మీరు కష్టపడి చేసిన మార్పు కాస్తా పోతుంది, అది మీకు వెంటనే తెలియను కూడా తెలియదు, నాకు అన్నిటికంటే భయం వేసేది ఇదే. అందుకని ముందు వాల్ కమాండ్‌తో అన్నీ సేవ్ చేసి, తర్వాత మార్పు నడిపి, మూడు ఫైళ్లూ కళ్లతో చూశాకే మళ్లీ సేవ్ చేయండి. తేడా కొడితే విన్‌డూ ఎడిట్ పక్కన ఆశ్చర్యార్థకం పెట్టి కొట్టండి, డిస్క్ మీద ఉన్నది ఉన్నట్టు మళ్లీ వచ్చేస్తుంది.