పదహారు వారాలు నిండేదాకా

చిన్నా,

ఎనిమిది వారాల కుక్కపిల్లని వచ్చే ఆదివారం ఇంటికి తెచ్చుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం వేసింది. ఒక నోరులేని ప్రాణాన్ని పోషించే బాధ్యత నీ అంతట నువ్వే తీసుకునేంత పెద్దవాడివయ్యావు. ఆ వెంటనే గుండెలో గుబులు కూడా పుట్టింది. ఎనిమిదో వారం నుంచి పదహారో వారం దాకా కుక్కపిల్లకి గడ్డుకాలం. ఫోన్లో చెబితే సగం వింటావు, ఆ సగం కూడా సాయంత్రానికి మర్చిపోతావు. అందుకే రాసి పంపిస్తున్నాను.

తేలికైన సంగతులు ముందు చెప్పేస్తాను. గిన్నెలో మంచినీళ్లు ఎప్పుడూ ఉండాలి. మెడపట్టీకీ మెడకీ మధ్య నీ రెండు వేళ్లు దూరాలి. పిల్ల రోజురోజుకీ పెరుగుతుంది కాబట్టి వారానికోసారి సరిచూడు. కరెంటు వైర్లు, ఎలుకల మందు, మాత్రల డబ్బాలు దాని నోటికి అందే ఎత్తులో ఉండకూడదు. చెత్తబుట్టకి మూత ఉండాలి. ఉడికించిన ఎముకలు పెట్టకు, అవి కొరికితే సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఇవి నీకు తెలిసినవే, అయినా ఒకసారి చెబితే నాకు తృప్తి.

ఇక అసలు విషయం. "మొదటి ఇంజెక్షన్ అయిపోయింది, ఇంక బయట తిప్పొచ్చు" అనుకోవడం కుక్కల్ని పెంచేవాళ్లు ఏళ్ల తరబడి చేస్తూ వస్తున్న తప్పు. బద్ధకం వల్ల కాదు, ముద్దు వల్ల చేస్తారు. కొత్త పిల్లని నలుగురికీ చూపించాలనే సరదా, గడ్డిలో పరుగెత్తుతుంటే చూడాలనే ఆశ. ఆ ముచ్చట తీరిన వారానికల్లా పిల్ల సెలైన్ మీద ఉంటుంది.

నేను చెబుతున్నది పార్వో గురించి. 1978 ప్రాంతంలో బయటపడి, రెండేళ్లు తిరక్కుండానే ప్రపంచమంతా పాకిన వైరస్ అది. జబ్బు కుక్క మలంలో బయటికి వస్తుంది. మలం ఎండిపోయి, వానకి కొట్టుకుపోయి, కంటికి ఏమీ కనపడకపోయినా మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. నీడ పట్టున ఏడాది దాకా ఉండగలదు. చెప్పులకి, బండి చక్రాలకి అంటుకుని ఇంట్లోకి వస్తుంది. పైగా జబ్బు లక్షణాలు కనపడకముందే ఆ కుక్క వైరస్‌ని వదలడం మొదలుపెడుతుంది. "ఆ పార్కులో కుక్కలన్నీ బాగానే ఉన్నాయి పెద్దమ్మా" అనే మాట నా దగ్గర చెల్లదు.

మరి టీకా వేయించాం కదా, ఎందుకు కాపాడదు? ఇది సరిగ్గా అర్థం చేసుకో. పుట్టిన మొదటి రోజు తాగిన ముర్రుపాలతో పిల్లకి తల్లి యాంటీబాడీలు, అంటే రోగాన్ని ఎదిరించే ప్రోటీన్లు, వస్తాయి. మొదటి వారాల్లో దాన్ని కాపాడేది అవే. టీకాని పనిచెయ్యనివ్వనిదీ అవే. టీకాలో ఉండేది బలహీనపరిచిన వైరస్. అది ఒంట్లోకి వెళ్లగానే తల్లి యాంటీబాడీలు పట్టుకుని నాశనం చేసేస్తాయి, పిల్ల ఒళ్లు సొంతంగా ఏమీ నేర్చుకోదు. వారాలు గడిచేకొద్దీ ఆ యాంటీబాడీలు తగ్గుతూ వస్తాయి. మధ్యలో ఒక పాడుకాలం వస్తుంది. అప్పుడవి రోగాన్ని ఆపడానికి చాలవు, టీకాని చెడగొట్టడానికి మాత్రం సరిపోతాయి. ఆ కాలం ఏ పిల్లకి ఏ వారంలో వస్తుందో పైకి తెలియదు, ఒకే ఈతలో పుట్టినవాటికి కూడా తేడా ఉంటుంది. అందుకే 2 నుంచి 4 వారాలకోసారి డోసు వేస్తూ పోతారు. ఇవి ఒకదాని మీద ఒకటి బలం పేర్చే డోసులు కావు. "ఈసారైనా పట్టిందా" అని మళ్లీ మళ్లీ చేసే ప్రయత్నాలు.

కాబట్టి ఎన్ని డోసులు పడ్డాయని లెక్కపెట్టకు, ఏ వయసులో పడ్డాయో చూడు. 6, 9, 12 వారాలకి మూడు డోసులు వేయించి "కోర్సు పూర్తయింది" అని నిశ్చింతగా ఉండేవాళ్లు ఎంతోమంది. పన్నెండో వారానికి కూడా తల్లి యాంటీబాడీలు పోని పిల్లలుంటాయి. ఆ మూడూ వృథా అయినట్టే. ఆఖరి డోసు 16 వారాలు నిండాక పడి తీరాలి. ఆ తర్వాత ఆరు నెలలకో ఏడాదికో ఇంకొకటి, అది డాక్టరు చెబుతారు. ఆఖరి డోసు పడ్డాక కూడా రెండు వారాలు ఆగి అప్పుడు నేల మీద నడిపించు.

పిల్లని అమ్మినవాళ్లు "ఇంజెక్షన్లన్నీ అయిపోయాయి" అంటే తలూపి వచ్చెయ్యకు. టీకా పుస్తకం చేతిలోకి తీసుకో. ప్రతి డోసు పక్కనా సీసా మీది స్టిక్కరు, తేదీ, డాక్టరు సంతకం ఉండాలి. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. పొడిలో ద్రవం కలిపాక ఆలస్యం చెయ్యకుండా వేసెయ్యాలి. ఇంట్లో ఎవరో సంచిలో తెచ్చి పొడిచిన ఇంజెక్షన్‌ని లెక్కలోకి తీసుకోకు, మళ్లీ మొదటి నుంచి వేయించు. డోసు వేసిన తర్వాత అరగంట అక్కడే కూర్చో. మూతి వాచినా, దద్దుర్లు వచ్చినా, వాంతి చేసుకున్నా వెంటనే డాక్టరుకి చూపించొచ్చు.

అలాగని పిల్లని గదిలో పెట్టి తలుపెయ్యమనడం లేదు. మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా ఏది చూస్తే, ఏది వింటే అది జీవితాంతం దానికి మామూలవుతుంది. అప్పుడు లోకం చూపించకపోతే పెద్దయ్యాక ప్రతిదానికీ జడుసుకుంటుంది, జడుసుకున్న కుక్కే కరుస్తుంది. చంకనెత్తుకుని తిప్పు. బండ్ల మోత, గొడుగు, గడ్డం ఉన్న మనిషి, ఏడ్చే పసిపాప, అన్నీ చూడనీ. టీకాలన్నీ పడ్డ పెద్ద కుక్క ఉన్న స్నేహితుడి ఇంటికి తీసుకెళ్లు. వేరే కుక్కలు మలమూత్రాలు పోసే నేల మీద మాత్రం దించకు. ఇంట్లో చెప్పులు గుమ్మం బయటే.

నువ్వుంటున్న ఇంట్లో నీకంటే ముందు ఉన్నవాళ్ల కుక్క జబ్బు చేసి పోయిందేమో కనుక్కో. అనుమానముంటే నేలని ముందు సబ్బుతో శుభ్రంగా కడిగి, ఆ తర్వాత ఒక వంతు ఇంట్లో వాడే బ్లీచ్ ద్రవాన్ని ముప్ఫై వంతుల నీళ్లలో కలిపి తుడిచి, పది నిమిషాలు తడిగా ఉంచు. మురికి మీదే బ్లీచ్ పోస్తే పనిచెయ్యదు. ఫినాయిల్‌ని నమ్ముకోకు, పార్వో దానికి లొంగదు. బ్లీచ్‌లో ఇంకే మందూ కలపకు, విషవాయువులు వస్తాయి.

లక్షణాలు ఇలా మొదలవుతాయి. మొదట మందకొడిగా ఒక మూల పడుకుంటుంది, తిండి ముట్టదు. తర్వాత వాంతులు. ఆ తర్వాత భరించలేని కంపుతో నీళ్ల విరేచనాలు, వాటిలో రక్తం. రక్తం కనపడేదాకా ఆగేవాళ్లే పిల్లని పోగొట్టుకుంటారు. ఇంత చిన్న పిల్ల ఒక పూట తినకుండా, రెండుసార్లు వాంతి చేసుకుంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లు, రేపు చూద్దామనుకోకు. ఒంట్లో నీరు పోవడంతో ఆగదు. పేగు లోపలి పొర ఊడిపోయి అక్కడి బ్యాక్టీరియా రక్తంలోకి వెళుతుంది, దాన్ని ఎదుర్కోవాల్సిన తెల్ల రక్తకణాలూ అదే సమయంలో పడిపోతాయి. అందుకే సెలైన్, వాంతులు ఆగే మందు, యాంటీబయాటిక్ అన్నీ కలిపి ఇస్తారు. ఇంట్లో ఉన్న విరేచనాల మాత్ర వెయ్యకు. నోరు తెరిచి బలవంతంగా నీళ్లు పొయ్యకు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వెళ్లేముందు ఫోన్ చేసి పార్వో అనుమానమని చెప్పు, మిగతా పిల్లలకి దూరంగా కూర్చోబెడతారు.

పిల్ల బాగున్నప్పుడే ఒకటి సాధన చెయ్యి. పై పెదవి ఎత్తి, కోరపన్ను పైనున్న చిగురుని బొటనవేలితో నొక్కి వదులు. తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబి రంగుకి రావాలి. చిగురు తడిగా, జారుడుగా ఉండాలి. వేలికి జిగటగా తగిలితే ఒంట్లో నీరు తగ్గిందన్నమాట. మామూలు చిగురు ఎలా ఉంటుందో ఇప్పుడే చూసిపెట్టుకుంటే, అర్ధరాత్రి కంగారులో తేడా పోల్చుకోగలవు. మలద్వారంలో పెట్టి చూసే థర్మామీటరు ఒకటి కొనుక్కో. 38.3 నుంచి 39.2 డిగ్రీలు మామూలు. మన ఒంటితో పోల్చి "కాలిపోతోంది" అనుకోకు, కుక్క ఒళ్లు ఎప్పుడూ మనకంటే వెచ్చనే.

కుంటుతోందనో జ్వరమనో మనుషుల మాత్ర వెయ్యాలని చెయ్యి లాగుతుంది. వద్దంటే వద్దు. 400 మిల్లీగ్రాముల ఐబూప్రొఫెన్ మాత్ర ఒకటి ఐదు కిలోల పిల్లకి వేస్తే కిలోకి 80 మిల్లీగ్రాములు పడ్డట్టు. కడుపులో పుండ్లు పడి రక్తం కక్కడానికి అది చాలు, కిడ్నీలూ దెబ్బతినొచ్చు. పారాసిటమాల్ కూడా ఎక్కువైతే కాలేయాన్ని తినేస్తుంది. నీ చేత్తో, ప్రేమతో పెట్టిన మాత్ర దానికి విషమైతే ఆ బాధ నువ్వు తట్టుకోలేవురా, నాకు తెలుసు.

తినకూడనివాటిలో నేను అన్నిటికంటే భయపడేది చక్కెరకి బదులు వాడే జైలిటాల్. చక్కెర లేని చూయింగ్ గమ్, కొన్ని టూత్‌పేస్టులు, కొన్ని తీపి పదార్థాల్లో ఉంటుంది. తిన్న అరగంటలోనే రక్తంలో చక్కెర పడిపోయి పిల్ల తూలి పడిపోవచ్చు. డార్క్ చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి కూడా పనికిరావు. ఉల్లిని ఉడికించినా విషం పోదు, పైగా చిగుళ్లు తెల్లబడటం లాంటి లక్షణాలు రోజుల తర్వాత బయటపడతాయి. ఏం తిన్నా ఉప్పునీళ్లు పోసి కక్కించకు. ఏది, ఎంత, ఎన్ని గంటలకి తిన్నదో కాగితం మీద రాసుకుని ప్యాకెట్టుతో సహా డాక్టరు దగ్గరికి పరుగెత్తు.

ఎండ గురించి ఒక్క మాట. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ఒగర్చడమే దాని చల్లదనం. బయట 24 డిగ్రీలే ఉన్నా మూసిన కారులో ఇరవై నిమిషాల్లో 40 దాటొచ్చు. నిమిషం కూడా వదిలెయ్యకు. ఎండదెబ్బ తగిలితే ముందు ఒళ్లంతా నీళ్లతో తడిపి ఫ్యాను గాలి తగిలించు, ఆ తర్వాతే బయలుదేరు. 39.5 డిగ్రీలకి దిగగానే తడపడం ఆపు. తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, లోపలి అవయవాలు మర్నాడు దెబ్బతినొచ్చు.

గోమార్లు (పిడుదులు) పడితే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగు. నూనె, కిరసనాయిలు, అగ్గిపుల్ల వద్దు. అలా చేస్తే గోమారి తన కడుపులోది కుక్క ఒంట్లోకే వదిలేస్తుంది. నులిపురుగుల మందు ఎనిమిది వారాల తర్వాత ఆరు నెలలొచ్చేదాకా నెలకోసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి వెయ్యాలి. మలాన్ని ఏ రోజుకారోజు ఎత్తెయ్యి. అందులోని గుండ్రటి పురుగుల గుడ్లు మనకి అంటుకునే స్థితికి రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఆలోపే తీసేస్తే నీకూ పిల్లలకీ బెడద లేదు.

చివరగా నీ గురించి. నీ పిల్లకి రేబిస్ టీకా పన్నెండు వారాలు దాటాకే పడుతుంది. అంతదాకా వీధి కుక్కలు దాన్ని ముట్టుకోకుండా చూసుకో. నిన్ను ఏ కుక్క కరిచినా, రక్కినా, గాయం మీద నాకినా, ముందు పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు గడియారం చూసి కడుగు. నాటు మందులేమీ పుయ్యకు, కట్టు కట్టకు. ఆ రోజే డాక్టరుకి చూపించు. రక్తం వచ్చినా, గాయం మీద నాకినా, టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల మందు) కూడా వెయ్యాలేమో అడుగు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు, ముందు వేసుకున్న టీకా మాత్రం కాపాడుతుంది. చిన్నప్పుడు కనపడ్డ ప్రతి కుక్క మూతికీ నీ మొహం ఆనించేవాడివి, మీ అమ్మ వెనక నుంచి చొక్కా పట్టుకు లాగేది. అది ముద్దుగానే ఉండేది కానీ, మీ అక్క కూతురు ఇప్పుడు సరిగ్గా ఆ వయసులోనే ఉంది. పిల్ల తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు పాపని దగ్గరికి పోనివ్వకు. నువ్వు పక్కన లేకుండా ఇద్దర్నీ ఒక గదిలో వదలకు.

ఆదివారం దాన్ని తేగానే, ముందు బరువు తూచి రాసిపెట్టు, ఏ మందుకైనా లెక్క అక్కడి నుంచే. తర్వాత టీకా పుస్తకంలో డోసుల పేజీ ఫోటో తీసి పంపు. దాని పుట్టిన తేదీ కూడా రాయి. పదహారు వారాలు ఏ రోజుకి నిండుతాయో చూసి ఆఖరి డోసు తేదీ నీకు చెబుతాను.

మీ పెద్దమ్మ