కాలి బొగ్గయిన గ్రంథాన్ని విప్పకుండా ఎలా చదివారు?

ఇటలీలో క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు, హెర్క్యులేనియం పట్టణంలోని ఒక భవంతిలో ఉన్న పపైరస్ (ఒక నీటి మొక్కతో చేసే కాగితం లాంటిది) గ్రంథాల చుట్టలు బొగ్గయిపోయాయి. 1750ల తవ్వకాల్లో బయటపడ్డాయి. విప్పబోతే పొడిపొడి. కత్తితో కోసి చూద్దామని చాలావాటిని పాడుచేశారు కూడా.

ఇప్పుడు చుట్టను విప్పరు. సీటీ స్కాన్ పద్ధతిలోనే, కానీ దానికన్నా ఎంతో సూక్ష్మంగా ఎక్స్‌రేలు తీసి, ఒక్కో పొరనూ కంప్యూటర్‌లో విడదీసి చదునుగా పరుస్తారు. అసలు చిక్కంతా సిరాతోనే. అది మసితో చేసింది, పపైరసూ బొగ్గే. ఎక్స్‌రేకి రెండూ ఒకటే. అయితే 2023లో, సిరా పడ్డచోట ఎండిన చెరువు మట్టిలా సన్నని పగుళ్లు ఉన్నట్టు ఒకరు గమనించారు. ఆ ఆనవాళ్లతో ఏఐకి తర్ఫీదు ఇస్తే అక్షరాలు తేలడం మొదలైంది. 2,000కు పైగా గ్రీకు అక్షరాలు బయటపెట్టిన ముగ్గురు విద్యార్థుల జట్టుకు 2024లో 7 లక్షల డాలర్ల బహుమతి దక్కింది. ఇంతకీ అందులో ఉన్నది సంగీతం, తిండి ఇచ్చే సుఖం గురించిన చర్చ!

‘ఏఐ చదివేసింది’ అని వార్తల్లో రాస్తారు గానీ, అది సిరా ఎక్కడుందో చూపిందంతే. చదివింది గ్రీకు పండితులే.