ఎన్‌డీఐఎస్ ప్లాన్‌ను గడువు మధ్యలో మార్పించుకోవచ్చా?

ఎన్‌డీఐఎస్ అంటే వైకల్యం ఉన్నవాళ్లకు ఆస్ట్రేలియా ప్రభుత్వం సాయం ఇచ్చే పథకం. అందులో మీ బాబుకి సపోర్ట్ వర్కర్ గంటలు చాలడం లేదు, ప్లాన్‌కి ఇంకా ఏడు నెలల గడువుంది, ఇప్పుడే మార్చమని అడగొచ్చా అని రాశారు. అడగొచ్చండీ. మెల్‌బోర్న్‌లో ఆటిజం ఉన్న మా అబ్బాయి కోసం మేమూ అడిగాం. మొదటిసారి కాదన్నారు. తప్పు మాదే.

మా అత్తగారు తెనాలి నుంచి విజిటర్ వీసా మీద వచ్చి ఏడాది పాటు వాడిని చూసుకున్నారు. ప్లాన్ మీటింగ్‌లో "మా అత్తయ్యగారు ఉన్నారండీ, ఇబ్బంది లేదు" అని చెప్పాం. పిల్లల గురించి బయటివాళ్లకు మంచే చెప్పడం మనకు అలవాటు కదా. ఆ సాయాన్ని లెక్కలో వేసుకునే గంటలు ఇచ్చారు. ఆవిడ వెళ్లిపోయాక స్నానం, తిండి, అర్ధరాత్రి లేచి తలుపు దగ్గరికి పరిగెత్తితే పట్టుకోవడం, అన్నీ మా ఇద్దరి మీదే పడ్డాయి. అప్పుడు "గంటలు చాలడం లేదు, పెంచండి" అని మాత్రం రాశాం. పెంచలేదు.

రెండోసారి పరిస్థితి ఎలా మారిందో రాశాం. చూసుకునే మనిషి ఏ తేదీన వెళ్లారు, ఆ తర్వాత రోజు ఎలా గడుస్తోంది అని. రెండు వారాలు డైరీ పెట్టాను. రాస్తుంటే ఏడుపొచ్చేది, అయినా ఏదీ తగ్గించి రాయలేదు. ఓటీ (ఆక్యుపేషనల్ థెరపిస్ట్) రిపోర్ట్‌లో కూడా ఆటిజం గురించి పేజీలు కాకుండా, పళ్లు తోమించడానికి ఎంతసేపు పక్కన నిలబడాలో రాయమని అడిగాం. ఈసారి సాయంత్రాలకు గంటలు వచ్చాయి. అడిగినన్ని కాదు గానీ, ఊపిరి పీల్చుకునేన్ని వచ్చాయి.

అడిగే ముందు ఒకటి చూసుకోండి. కోర్ బడ్జెట్‌లో, అంటే రోజువారీ సాయానికి ఇచ్చే భాగంలో, డబ్బును చాలావరకు అటూ ఇటూ సర్దుకోవచ్చు, దానికి ప్లాన్ మార్చక్కర్లేదు. బిల్లులు కట్టి లెక్కలు చూసే ప్లాన్ మేనేజర్‌ను పెట్టుకోవడం లాంటి చిన్న మార్పులు వేరియేషన్‌తో, అంటే ఉన్న ప్లాన్‌లో ఆ ఒక్కటే మార్చడంతో, అయిపోతాయి. రీఅసెస్‌మెంట్ అంటే మాత్రం ప్లాన్ మొత్తాన్ని మళ్లీ తిరగేస్తారు, తగ్గినా తగ్గొచ్చు. అందుకే కాగితాలన్నీ సిద్ధమయ్యాకే అడగండి. అడిగాక 21 రోజుల్లో జవాబు రావాలి.

ఇంగ్లీషులో చెప్పడం కష్టమైతే ప్రభుత్వ దుభాషి సేవ టిస్ నేషనల్ నంబరు 131 450కి ఫోన్ చేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను అడగండి, డబ్బు తీసుకోరు.

ప్లాన్ ఇచ్చినప్పుడే గంటలు తక్కువ వేశారనిపిస్తే దారి వేరు. దాన్ని ఇంటర్నల్ రివ్యూ అంటారు, ప్లాన్ అందిన 3 నెలల్లోపే అడగాలి. మీ ప్లాన్ వచ్చి ఐదు నెలలైందో, రెండున్నర నెలలైందో ఈ రాత్రే తేదీ చూసుకోండి.