పౌడర్ డబ్బాలు కొనే ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి

ప్రశ్న: మాది కంచిలి మండలంలో ఒక పల్లె. నాకు 36 ఏళ్ళు. జీడిపిక్కల పనికి వెళ్తాను. మా డ్వాక్రా సంఘంలో పదకొండు మందిమి ఉన్నాం. పోయిన నెల ఊళ్ళో రక్తపరీక్షలు చేస్తే తొమ్మిది మందికి రక్తం తక్కువగా ఉందన్నారు. నాకు హిమోగ్లోబిన్ 8.9 వచ్చింది. ఐరన్ బిళ్ళలు వేసుకుంటే కడుపులో తిప్పి వాంతి వస్తోందని మానేశాను. ఒకాయన ఊళ్ళో మీటింగ్ పెట్టి, ప్రొటీన్ పౌడర్ తాగితే మూడు నెలల్లో రక్తం పడుతుందని చెప్పాడు. అరకిలో డబ్బా 1,800 రూపాయలు. సంఘం పొదుపు డబ్బుతో అందరికీ తలా ఒకటి కొందామనుకుంటున్నాం. మా అత్తగారికి కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.4 ఉంది, ఆవిడకీ ఇవ్వొచ్చా? రోజూ చోడి (రాగి) అంబలి తాగుతున్నా నాకు రక్తం ఎందుకు పట్టడం లేదు? జీడిపప్పు తింటే కొవ్వు పెరుగుతుందంటారు, నిజమేనా?
– ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ఆ డబ్బాలు కొనకండి. ఇది చదివేలోపే డబ్బు కట్టేస్తారేమోనని నాకు కంగారుగా ఉంది, అందుకే ఈ మాట ముందు చెబుతున్నాను. మీ అత్తగారికైతే ఒక్క చెంచా కూడా ఇవ్వొద్దు.

మీది ఉద్దానం. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంత ఎక్కువో, ఎలా పైకి తెలియకుండా వస్తుందో మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. చాలామందికి షుగర్ ఉండదు, మొదట్లో బీపీ ఉండదు, కాళ్ళ వాపులూ ఉండవు. లోలోపలే ముదురుతుంది. రక్తం తయారు చెయ్యమని ఎముకల్లోని మూలుగకు కబురు పంపే హార్మోన్ కిడ్నీల్లోనే పుడుతుంది. కిడ్నీలు దెబ్బతింటే ఆ కబురు తగ్గిపోతుంది, రక్తమూ తగ్గుతుంది. అలాంటప్పుడు ఉత్త ఐరన్ బిళ్ళలతో పని జరగదు. వేరే ఊరి నుంచి ఎవరైనా 8.9 అని రాస్తే నేను ముందు ఐరన్ గురించే చెప్పేవాణ్ణి. మీకు మాత్రం ముందు క్రియాటినిన్, మూత్రపరీక్ష చేయించుకోమంటాను. మీరొక్కరే కాదు, ఆ తొమ్మిది మందీ చేయించుకోవాలి. మీ పీహెచ్‌సీలో అడగండి. తేడా కనిపిస్తే పలాసలో కిడ్నీ ఆసుపత్రి ఉంది. లోపల కిడ్నీ బలహీనంగా ఉన్నా తెలియని మనిషి రోజూ ప్రొటీన్ పౌడర్ తాగితే ఆ కిడ్నీ మీద ఇంకా భారం పడుతుంది. మీ ప్రాంతంలో అలాంటి మీటింగులు పెట్టి అమ్మడం నన్ను నిజంగా బాధపెడుతోంది.

నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉందా, మొలలు ఉన్నాయా అన్నది కూడా డాక్టరుకు చెప్పండి. కారణం అక్కడుంటే ఎంత తిన్నా నిలవదు. చెప్పుల్లేకుండా మట్టిలో తిరిగేవాళ్ళకు కొంకిపురుగులు పట్టి రక్తం తాగేస్తాయి, దానికి ఆల్బెండజోల్ బిళ్ళ ఉంది. మీ సంఘంలో ఎవరైనా సీతంపేట వైపు గిరిజన కుటుంబాల వాళ్ళుంటే సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్తజబ్బు) పరీక్ష కూడా చేయించాలి.

పరీక్షల్లో కిడ్నీ బాగానే ఉందని తేలితే మీకు మందు ఆ ఐరన్ బిళ్ళే. గర్భిణి కాని ఆడవాళ్ళకు రక్తం 12 ఉండాలి. 8కీ 11కీ మధ్య ఉంటే అది ఓ మోస్తరు రక్తహీనత, తిండి ఒక్కదానితో సరిపోదు. వాంతి రావడం చాలామందికి ఉన్నదే. పరగడుపున వేసుకోకండి. రాత్రి అన్నం తిన్నాక ఓ గంట ఆగి, నిమ్మకాయ పిండిన నీళ్ళతో వేసుకుని పడుకోండి. అప్పటికీ తిప్పితే రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో ఏఎన్ఎమ్మునో డాక్టరునో అడగండి, మానెయ్యడం కంటే అది చాలా నయం. విరేచనం నల్లగా వస్తే భయపడొద్దు, బిళ్ళ వేసుకుంటే అలాగే అవుతుంది. కాల్షియం బిళ్ళ కూడా వాడుతుంటే రెంటికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. నెల తర్వాత మళ్ళీ పరీక్ష చేయిస్తే ఒక పాయింట్ అయినా పెరిగి ఉండాలి. పెరగకపోతే కారణం వేరే ఉందన్నమాట, పెద్దాసుపత్రికి వెళ్ళాలి. ఈలోగా నాలుగడుగులు వేస్తేనే ఆయాసం వచ్చినా, గుండె దడ వచ్చినా నెల అయ్యేదాకా ఆగకండి.

ఇక తిండి. ఓపీలో నేను అందరినీ అడిగే ప్రశ్న ఒకటుంది: నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం తిన్నారు? మొన్న రక్తం తక్కువై వచ్చిన ఒకామె ఇలా చెప్పింది. పొద్దున్నే టీ. తొమ్మిదింటికి అంబలి, ఆ వెంటనే ఇంకో టీ. మధ్యాహ్నం అన్నం, చారు, ఆవకాయ. రాత్రి చేపల పులుసు. చేప మంచిదే, ఎన్ని ముక్కలు తిన్నారమ్మా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "పులుసు వేసుకున్నానండి" అంది. ముక్కలు మామగారికీ, భర్తకీ, పిల్లలకీ అయిపోయాయి. ఆ ఇంట్లో చేప ఉంది, ఆమె కంచంలో లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురికి రక్తహీనత ఉంది. ఆ అంకె చూసినప్పుడల్లా నాకు ఈ పులుసే గుర్తొస్తుంది. వడ్డించేటప్పుడే మీ వాటా రెండు ముక్కలు వేరే గిన్నెలో తీసి మూత పెట్టండి. కుదిరితే అందరితో పాటే కూర్చుని తినండి. సంఘం మీటింగులో ఈ ఒక్క విషయం మాట్లాడుకోండి.

చోడి అంబలి మానొద్దు, చాలా మంచి తిండి. వంద గ్రాముల చోళ్ళలో కాల్షియం దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటుంది, బియ్యంలో ఆ పాటి కాల్షియం ఉండదు. ఎముకలకు అంతకంటే ఏం కావాలి? ఐరన్ మాత్రం అందులో 5 మిల్లీగ్రాముల లోపే. పైగా ఆ గింజలోని పదార్థాలు కొన్ని ఆ కొంచెం ఐరన్ని కూడా ఒంటికి పట్టనివ్వవు. చోళ్ళను నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకొచ్చాక ఎండబెట్టి పిండి పట్టిస్తే ఈ ఇబ్బంది తగ్గుతుంది. పిండిని రాత్రే కలిపి పులియబెట్టి పొద్దున కాచే మన పాత పద్ధతీ మంచిదే. అంబలి వెనకే తాగే టీ మాత్రం వద్దు. టీలోని వగరు ఐరన్ని పట్టేస్తుంది. తిండికి గంట ముందూ, గంట తర్వాతా టీ, కాఫీలు తాగొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఉంది. పనిలో టీ టైం మీ చేతిలో ఉండదని తెలుసు, అందుకే తిండినే కాస్త అటూ ఇటూ జరుపుకోండి.

రక్తానికి పనికొచ్చేవి: మునగాకు, తోటకూర, పెసలు, ఉలవలు, నువ్వులు, చేప, మాంసం. కార్జం (లివర్) వారానికోసారి దొరికినా మేలే. మునగాకు పెసరపప్పుతో వండి, పొయ్యి మీంచి దించాక నిమ్మకాయ పిండుకోండి. ఆకులోని ఐరన్ అప్పుడు బాగా పడుతుంది. భోజనం అయ్యాక ఒక జామకాయ తిన్నా అదే ఫలితం. పెరట్లో కాసిన మునక్కాడలు సంతకు పంపుతారు, ఆకేమో మేకలకు వేస్తారు. కాడలు అమ్ముకోండి, ఆకు మాత్రం ఇంట్లో ఉంచుకోండి.

డబ్బు సంగతి. పదకొండు డబ్బాలకు 19,800 రూపాయలు. గుడ్డు 7 రూపాయలనుకున్నా, అదే డబ్బుతో పదకొండు మందికీ రోజుకో గుడ్డు చొప్పున ఎనిమిది నెలలు దాటి వస్తుంది. నన్నడిగితే సగం గుడ్లకు ఉంచి, మిగతా సగంతో పెసలు కొనమంటాను. వరి కోతలయ్యాక చల్లిన పెసలు, మినుములు ఫిబ్రవరి, మార్చిల్లో చేతికొస్తాయి. అప్పుడు రైతు దగ్గరే కొని, బాగా ఎండబెట్టి, సంఘం పేరున నిల్వ చేసుకుని పంచుకోండి. గర్భిణులు, బాలింతలు ఉంటే అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, పాలు వాళ్ళే తినేలా చూడండి, ఇంటికి తెస్తే అవీ అందరికీ పంచేస్తారు.

మీ అత్తగారికి పైన చెప్పినవేవీ వర్తించవు. క్రియాటినిన్ 2.4 అంటే ఆవిడ తిండి కిడ్నీ డాక్టరు చెప్పినట్టే నడవాలి. రక్తంలో పొటాషియం ఎంతుందో చూడకుండా కొబ్బరినీళ్ళు, ఆకుకూరలు, అరటిపండు ఎక్కువగా పెట్టొద్దు. ఆకుకూర వండితే ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి తాలింపు పెట్టండి. ఆవకాయ, ఎండు చేపలు తగ్గించాలి. బీపీకి మంచిదని లో సోడియం ఉప్పు ఎవరైనా తెస్తే వాడొద్దు, అందులో ఉప్పు బదులు పొటాషియం కలుపుతారు, కిడ్నీ జబ్బున్నవాళ్ళకు అది ప్రమాదం. మోకాళ్ళ నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చే బిళ్ళలు పూర్తిగా ఆపించండి. ఇది మీకూ, మీ పనిలో నడుం నొప్పికి బిళ్ళలు మింగే వాళ్ళందరికీ చెబుతున్నాను.

జీడిపప్పు గురించి అడిగారు. దాంట్లో ఐరన్ కూడా ఉంది, రోజుకు ఏడెనిమిది గుళ్ళు తింటే కొవ్వేమీ పెరగదు. రోజంతా పిక్కలు వలిచే మీ నోటికి ఆ పప్పు అందకపోవడమే నాకు బాధ. విరిగిన బద్దలు తక్కువ ధరకు దొరుకుతాయి కదా, పావుకిలో తెచ్చుకుని మీరూ పిల్లలూ తినండి. అత్తగారికి మాత్రం పెట్టకండి.